మైనప్పొయ్యి దగ్గర చోటు

పొద్దున్నించీ తుమిరా పీట మార్చడం అది మూడోసారి. మొదట చెక్కపీట, తర్వాత గుడ్డపీలికలు కట్టి మెత్త చేసిన పీట, ఇప్పుడు బోర్లించిన ప్లాస్టిక్ బకెట్టు. దేని మీద కూర్చున్నా ఒకటే. కుడి పిర్ర కింద, లోపలెక్కడో, నోటితో చెప్పుకోవడానికి వీల్లేని చోట, కాల్చిన చువ్వ పెట్టి మెలితిప్పినట్టు మొదలయ్యేది.

"ఆడలేనమ్మ మద్దెల ఓడు అందిట," అంది పైనెమ్, తలెత్తకుండానే.

పైనెమ్ తుమిరాకి పెద్దమ్మ కూతురు. గుడ్డలకి మైనం పట్టించే ఆ పాకలో అందరికన్నా పెద్ద పనిమంతురాలు. నోరు పనితనాన్ని మించినది. పొయ్యి చుట్టూ కూర్చున్న మిగతా ఇద్దరూ కిసుక్కుమన్నారు. తుమిరా కూడా నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది? జావా దీవిలో ఇమోగిరి కొండ కింద ఆ ఊళ్ళో, పెద్దవాళ్ళు ఒక మాటంటే నవ్వి ఊరుకోవడమో, "అవునక్కా" అనడమో ఆడపిల్లలకి ఉగ్గుపాలతో నేర్పుతారు. మూడో దారి ఒకటుందని చెప్పిన తల్లి ఆ ఊళ్ళో ఇంతవరకు పుట్టలేదు.

గుడ్డ మీద మైనంతో గీతలు గీసి రంగులో ముంచే బాటిక్, నిలబడి చేసే పని కాదు. నలుగురికి ఒక మైనప్పొయ్యి. దాని మీద చిన్న మూకుడు, మూకుట్లో కరిగిన మైనం, చుట్టూ జానెడెత్తు పీటలు. ఎవరి గుడ్డ వాళ్ళ ముందు వెదురు దండెం మీద వేలాడుతుంటుంది. ఎడమ అరచెయ్యి గుడ్డ కింద ఆనించి, కుడిచేతిలో రాగిముక్కు కలాన్ని మైనంలో ముంచి, ముక్కులోకి ఉఫ్ఫని ఒక్కసారి ఊది, మైనం గట్టిపడేలోపు గీత లాగెయ్యాలి. మనిషి కదిలిందా, బొట్టు పడుతుంది. పడిన బొట్టుని వేడిచెంచాతో ఎంత గీకినా మచ్చ పోదు.

తుమిరా ముందు వేలాడుతున్నది ఎవరో పెళ్ళికూతురు కట్టుకోబోయే గుడ్డ. ముందువైపు అయిపోయింది. ఇక వెనకవైపు తిప్పి, అవే గీతల మీద మళ్ళీ మైనం పట్టించాలి, లేకపోతే రంగు అవతలి నుంచి పాకుతుంది. ఒక గుడ్డకి ఒకటే చెయ్యి, అది ఆ పాక కట్టుబాటు. గుడ్డ మధ్యలో చెయ్యి మారిందంటే మొదటి మనిషి పని అయిపోయిందన్నమాటే. మళ్ళీ ఆమెకి పెళ్ళిగుడ్డ ఇవ్వరు. పొయ్యి దగ్గర చోటు కూడా ఇంకొకరిది అయిపోతుంది.

యజమానురాలు బు ప్రప్తి (బు అంటే అక్కడ అమ్మగారని) మధ్యాహ్నం వచ్చి గుడ్డ అంచు పట్టుకుని వెలుగుకి చూసింది. చెడ్డమనిషి కాదు, అవసరం ఆవిడది. శుక్రవారానికి అవుతుందా అని అడిగింది.

"అవుతుందండీ," అంది తుమిరా.

బు ప్రప్తి బకెట్టు వైపు చూసింది. ఒంట్లో బాగా లేకపోతే మొహమాటం లేకుండా చెప్పమంది. గుడ్డ పైనెమ్ పూర్తి చేస్తుందని, తుమిరా రంగుతొట్ల దగ్గర నిలబడి చేసే పని చూసుకోవచ్చని అంది. ఆ మాట చాలా మెత్తగా అంది కాబట్టి ఇంకా గట్టిగా తగిలింది.

"అబ్బే, నాకేం లేదండీ. బాగానే ఉన్నానండీ."

ఆవిడ వెళ్ళగానే తుమిరా బకెట్టు మీంచి లేచి మోకాళ్ళ మీద నిలబడి కలం ఊదింది. మోకాళ్ళ మీద నిలబడి గీత గీస్తే చెయ్యి పైనుంచి వస్తుంది, గీత లావవుతుంది. తెలుసు. అయినా అలాగే గీసింది.

పైనెమ్ ఓరగా చూసింది. "డాక్టరుగారే చెప్పారు కదే, నరం బాగైపోయింది, మిగిలిందంతా మనసులోదేనని. ఆ మనసుని కాస్త ఇంటి దగ్గర వదిలేసి రారాదూ?"

ఆ డాక్టరుగారి సంగతి తుమిరా గొంతులో ముల్లులా ఉండిపోయింది. పట్నంలో ఒక చిన్న ఆసుపత్రిలో పెద్దాయన, తల నెరిసినవాడు. చేత్తో తడిమి, అంచనాగా చోటు చూసుకుని సూది వేశాడు. పాపం చెమటలు పట్టేలా శ్రమపడ్డాడు. లేచి కూర్చోబెట్టి, "తగ్గిందా అమ్మా?" అని అడిగాడు. తగ్గలేదు. పిసరంత కూడా తగ్గలేదు. అంత పెద్దమనిషి, అంత కష్టపడ్డవాడి మొహం మీద లేదని ఎలా అంటుంది? "తగ్గిందండీ, తమరి దయ," అంది. ఆయన మొహం వెలిగిపోయింది. నెల తిరక్కుండా మళ్ళీ వెళ్తే, ఆ వెలిగిన మొహమే జాలిగా తల ఊపింది. సూదితో తగ్గిన నొప్పి మళ్ళీ ఎలా వస్తుందమ్మా, దిగులు పెట్టుకోకు, నిద్ర బాగా పొమ్మంది. ఆ మాట ఆసుపత్రి మెట్లు దిగేలోపే ఊరు చేరింది.

బు ప్రప్తి వచ్చి వెళ్ళిన మర్నాడు ఊరి మంత్రసాని తుమిరాని దారిలో ఆపి, నడక చూసి, మాట అడక్కుండానే చెప్పింది. నగరంలో పెద్దాసుపత్రికి సుమత్రా దీవిలోని మెదాన్ నుంచి ఒక డాక్టరమ్మ వచ్చిందట. చేత్తో తడిమి అంచనా వెయ్యదట, నరాన్ని తెర మీద చూసుకుంటూ సూది వేస్తుందట. కడుపులో బిడ్డని చూసే యంత్రంలాంటిదే. తనే ఫోను చేసి మాట్లాడతానని, వెళ్ళి తీరాలని కోప్పడింది. తుమిరా అలాగే అంది. ఈసారి ఆ అలాగేలో నిజంగానే కాస్త ఆశ ఉంది.

బస్సులో సగం సీట్లు ఖాళీ. మొగుడు సర్జోనో కిటికీ పక్కన కూర్చుని, పక్క సీటు మీద చెయ్యి వేసి ఉంచాడు. తుమిరా కడ్డీ పట్టుకుని నిలబడింది. కండక్టరు కూర్చోమన్నాడు. "అలాగేనండీ," అంది, నిలబడే ఉంది. కాసేపటికి సర్జోనో సీటు మీంచి చెయ్యి తీసేసి బయటికి చూడ్డం మొదలెట్టాడు. నీకెలా ఉందని అడగడం అతను ఎప్పుడో మానేశాడు.

డాక్టరమ్మ పేరు తియుర్మా. మెదాన్ మనుషుల గొంతు ఆమెది. మామూలుగా మాట్లాడినా గదవతల వాళ్ళు తమనే పిలిచారనుకుంటారు. తుమిరా మొదట బెదిరిపోయింది. కానీ ఆ గొంతు అడిగిన ప్రశ్నలు వింటుంటే ఆశ్చర్యం వేసింది. కూర్చుంటే ఎక్కువా? పడుకుంటే తగ్గుతుందా? మరుగుదొడ్డి మీద కూర్చుంటే మాత్రం పెద్దగా అనిపించదా? ఇంతవరకు ఎవరూ అడగని ప్రశ్నలవి. ఈ చివరిది తనకి తప్ప ఇంకెవరికీ తెలియదనుకుంది.

"తెలుస్తుందమ్మా. ఇది మీ ఒక్కరిదే కాదు. చాలామంది ఆడవాళ్ళది," అంది తియుర్మా, చేతికి తొడుగు లాక్కుంటూ. "చెప్పరు, అంతే."

బోర్లా పడుకోబెట్టారు. నర్సు దుప్పటి కప్పి కావలసినంత మేరే తప్పించింది. చల్లటి జిగురు పడింది, దాని మీద యంత్రం తల ఆనింది. తుమిరా చెంప దిండుకి ఆనించి పక్కకి చూస్తే తెర కనబడుతోంది. డాక్టరమ్మ కావాలనే ఇటు తిప్పింది. బూడిదరంగు పొరలు, వాటి మధ్య ఒక తెల్లటి వంపు. అది ఎముక అంది. దాని కొసన ఒక చుక్క ఎర్రగా, నీలంగా కొట్టుకుంటోంది. అది రక్తనాళం, నీ గుండెతోపాటు కొట్టుకుంటోంది చూడు అంది. ఆ చుక్క పక్కనే, రెండు బిగువైన పొరల మధ్య, మైనపు చుక్కలు గుత్తిగా పెట్టినట్టున్నదాన్ని వేలితో చూపించింది.

"ఇదిగో. ఇదే మీ నరం."

తుమిరా ఊపిరి బిగబట్టి చూసింది. ఇన్నాళ్ళు అందరూ లేదన్నది తెర మీద ఉంది. చిన్నదే, చింతగింజంత కూడా లేదు. అయినా ఉంది. ఆమెకి ఒక్కసారిగా కళ్ళు చెమర్చాయి. సూది ఇంకా దిగకముందే సగం నొప్పి తీసేసినట్టనిపించింది.

డాక్టరమ్మ యంత్రాన్ని నొక్కుతూ ఇక్కడేనా అని అడిగింది. నొప్పి సరిగ్గా అక్కడ కాదు, ఇంకాస్త లోపలికి, నడిమికి ఉంది. కానీ అంత చదువుకున్న మనిషి తెర మీద చూపించి మరీ అడుగుతుంటే, కాస్త అటు అనడం ఎలా? చూపించినదాన్ని కాదనడమే కదా.

"అవునండీ, అక్కడేనండీ."

సూది దిగింది. తెర మీద సన్నటి తెల్లగీత వాలుగా వచ్చి చుక్కల గుత్తి పక్కన ఆగింది. మందు నల్లటి మడుగులా పరుచుకుంది. చురుక్కుమంది, తర్వాత బరువుగా అయింది. కాసేపాగి నర్సు స్పిరిటు దూదితో అక్కడా ఇక్కడా తాకి చల్లగా ఉందా అని అడిగింది. కొన్నిచోట్ల చల్లదనం తెలియడం లేదు, కొన్నిచోట్ల బాగా తెలుస్తోంది. తుమిరా అన్నిటికీ తెలియడం లేదనే చెప్పింది. నర్సు కూడా జావా పిల్లే, ఈ మర్యాదలు ఎరిగినదే. ఒక్క క్షణం తుమిరా మొహంలోకి అనుమానంగా చూసింది కానీ, పెద్దావిడని రెట్టించి అడగలేక ఊరుకుంది.

"ఇప్పుడు ఆ చెక్కస్టూలు మీద కూర్చోండి," అంది తియుర్మా.

కూర్చుంది. చువ్వ అక్కడే ఉంది. కొంచెం మొద్దుబారిందేమో, అంతే.

"ఎలా ఉంది?"

"తగ్గిందండీ. చాలా తగ్గింది. తమరి దయ."

డాక్టరమ్మ నవ్వి తొడుగులు విప్పి బుట్టలో పడేసింది. చెయ్యి కడుక్కోవడానికి కుళాయి తిప్పింది. తుమిరా లేచి, చీరలాంటి తన బాటిక్ చుట్టుగుడ్డ సర్దుకుని, దణ్ణం పెట్టి తలుపు దాకా వెళ్ళింది.

తలుపు పిడి మీద చెయ్యి వేసి ఆగిపోయింది. బయట సర్జోనో ఉన్నాడు. తగ్గిందా అంటాడు. తగ్గిందంటుంది. ఊళ్ళో పైనెమ్ అడుగుతుంది, తగ్గిందంటుంది. పొద్దున పీట మీద కూర్చోబోతుంది, కూర్చోలేకపోతుంది. ఈసారి తెర మీద చూసి మరీ వేసిన సూది. ఇక దీని తర్వాత అడగడానికి ఏ డాక్టరూ ఉండడు. గుడ్డ పైనెమ్ చేతికి వెళ్ళిపోతుంది. జన్మలో మళ్ళీ ఎవరూ నమ్మరు. గంగిరెద్దులా తలూపినందుకు తనకి తనే పెట్టుకున్న శిక్ష ఇది.

పెళ్ళినాడు కూడా ఇంత భయపడలేదు.

"కాదండీ," అంది, తలుపు వైపు చూస్తూనే.

కుళాయి చప్పుడులో డాక్టరమ్మకి వినబడలేదు. నర్సుకి వినబడింది. పరుగున వెళ్ళి కుళాయి కట్టేసింది.

"కాదండీ. తగ్గలేదండీ. మీరు అడిగిన చోట కాదండీ, ఇంకా లోపలికి. అప్పుడు కూడా తగ్గలేదండీ, ఆ ముందు డాక్టరుగారు వేసినప్పుడు కూడా. తగ్గిందని నేనే అన్నానండీ." ఇక కోప్పడతారని తల దించుకుని నిలబడింది.

తియుర్మా తడిచేతులు తుడుచుకుంది. తర్వాత ఆ పెద్దగొంతు తగ్గించుకుని, అంత మెత్తగా మాట్లాడగలదని ఎవరూ అనుకోనంత మెత్తగా అంది. "అమ్మా, నరం నాకు కనబడుతుంది. నొప్పి నాకు కనబడదు. దానికి యంత్రం ఇంకా ఎవరూ చెయ్యలేదు. నా మొహం చూసి మీరు అవునంటే, నేను వేసే మందు నా మొహానికి పనికొస్తుంది కానీ మీ నొప్పికి కాదు. రండి, మళ్ళీ చూద్దాం. ఈసారి నేను తప్పు చోట నొక్కితే నన్ను తిట్టండి."

"అయ్యో, తిట్టడమా," అంది తుమిరా, భయంగా.

"సరే, తిట్టొద్దు. కాదు అనండి చాలు."

మళ్ళీ బోర్లా, మళ్ళీ చల్లటి జిగురు. ఇక్కడేనా? కాదండీ. ఇక్కడ? కాదండీ. మొదటి రెండు కాదులూ దిండులోకి గొణిగింది. మూడోది కాస్త తేలిగ్గా వచ్చింది. అయిదోది వచ్చేసరికి నర్సు నవ్వు ఆపుకోలేకపోయింది. యంత్రం తల వెంట్రుకవాసి లోపలికి జరిగి వాలింది. తుమిరా దిండు కొరికింది.

"అదేనండీ. అమ్మా! అదే, అదే."

తియుర్మా తెరకి మొహం దగ్గరగా పెట్టి, యంత్రాన్ని గోరంత అటూ ఇటూ వాల్చి చూసింది. ఎముక కొస దగ్గర నరం ఒకటిగా లేదు. అక్కడికి రాకముందే రెండుగా చీలింది. ఒక పాయ అందరికీ ఉండేచోటే ఉంది, దానికి మందు అందింది. రెండో పాయ బిగువు పొరలోంచి దూరి వేరే దారిన పోతోంది. కొందరికి అలా ఉంటుంది, అది జబ్బు కాదు అంది తియుర్మా. కానీ మొదటిది కనబడగానే తను వెతకడం ఆపేశానని, తప్పు తనదేనని దాపరికం లేకుండా చెప్పింది. డాక్టర్లు తప్పు ఒప్పుకోగా తుమిరా చెవులతో వినడం అదే మొదలు.

ఈసారి మందు కొంచెమే. వెయ్యగలిగిన మోతాదులో మిగిలింది అంతే అంది. తెల్లగీత వాలుగా వచ్చి, రెండో పాయ పక్కన ఆగింది.

దూది తాకితే చల్లదనం తెలియలేదు. నిజంగానే తెలియలేదు. తుమిరా రెండుసార్లు మళ్ళీ తాకించుకుని మరీ చెప్పింది.

స్టూలు మీద కూర్చుంది. ఒక పక్కకి ఒరిగి కూర్చోవడం అలవాటైపోయిన ఒళ్ళు, మొదట ఎడమ పిర్రే ఆనించింది. తర్వాత మెల్లిగా, చెరువులో కాలు పెట్టేవాళ్ళలా, కుడివైపు బరువు వదిలింది. ఇంకాస్త వదిలింది. చువ్వ రాలేదు. ఇంకాసేపు చూసింది. రాలేదు. ఎన్నాళ్ళుగానో పక్కింట్లో తిరుగుతున్న పిండిమర టక్కున ఆగినట్టు ఒంట్లో నిశ్శబ్దం పరుచుకుంది.

"ఎలా ఉంది?" అంది తియుర్మా. "నిజం చెప్పాలి."

తుమిరాకి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. స్టూలు మీంచి మాత్రం లేవలేదు. తర్వాతి మనిషిని పిలవాలి, లేవండమ్మా అని నర్సు బతిమాలాల్సి వచ్చింది.

ఆసుపత్రి ఎదుట, పులిసిన సోయాగింజలతో చేసే టెంపే వేపుడు, అన్నం పెట్టే పాకలో చెక్కబల్ల మీద సర్జోనో ఎదురుగా కూర్చుని తుమిరా కడుపునిండా తింది. పళ్ళెం ఖాళీ అయినా కదల్లేదు. ఇంకో గ్లాసు టీ తెప్పించుకుంది. సర్జోనో ఆమె తినడం కాదు, కూర్చోవడం చూస్తున్నాడు.

"నేను కూడా వాళ్ళ మాటే నమ్మాను," అన్నాడు. "మనసులోదేనేమో అనుకున్నాను."

తుమిరాకి కోపం రావలసిందే. వచ్చింది కూడా, కానీ నిలవలేదు. "తగ్గిందని చెప్పింది నేనే కదయ్యా," అంది. "ఇక చెప్పను. నొప్పుంటే ఉందనే అంటాను. విసుక్కుంటే నీ ఖర్మ."

"విసుక్కోను," అన్నాడు సర్జోనో, తన పళ్ళెంలో మిగిలిన టెంపే ముక్క ఆమె పళ్ళెంలో వేస్తూ.

ఈ మందు గుణం కొన్నాళ్ళకి తగ్గిపోవచ్చని, మళ్ళీ రావాలని, వచ్చినప్పుడల్లా ఉన్నది ఉన్నట్టు చెప్పాలని డాక్టరమ్మ అంది. మర్నాడు సాయంత్రానికి తిమ్మిరి దిగి, ఒక మూల సన్నగా సలుపు మొదలైంది. చువ్వలాంటిది కాదు, పాత దెబ్బలాంటిది. తుమిరా సర్జోనో ఫోను తీసుకుని నర్సుకి చేసి, కొంచెం తిరిగొచ్చిందండీ అని చెప్పింది. నర్సు సంతోషంగా అలాగా అంది. నొప్పి వచ్చిందంటే సంతోషించే మనుషుల్ని తుమిరా మొదటిసారి చూసింది. లేనిదాన్ని ఉందనుకోకుండా, ఉన్నదాన్ని లేదనుకోకుండా ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు. భయపడొద్దు, ముందుగా అనుకున్న రోజుకే రమ్మంది నర్సు.

ఆ మర్నాడు పాకలో తుమిరా పాత చెక్కపీట లాక్కుని పొయ్యి దగ్గర తన చోట కూర్చుంది. పైనెమ్ ఓరగా చూసి కలం మైనంలో ముంచింది. మిగతా ఇద్దరూ అడిగారు. ఇదివరకైతే బాగానే ఉందని తుంచేసేది. ఇప్పుడు చెప్పింది. నొప్పి ఎక్కడో చెప్పింది, పేరు పెట్టి చెప్పింది. చుట్టూ ఉన్న మొహాలు ఎర్రబడ్డాయి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారే, అలా పడనీ అనుకుని అంతా చెప్పింది. నరం రెండుగా చీలిందని, తెర మీద తనే చూశానని, ముందు డాక్టరుగారికి అబద్ధం చెప్పానని, ఈ డాక్టరమ్మకి కాదని చెప్పానని. ఆఖరిది వినేసరికి ఒకామె కలంలో మైనం గడ్డకట్టింది. డాక్టరుకి మొహం మీదే? అంది. మొహం మీదే కాదులే, తలుపు వైపు తిరిగి అన్నాను, అంది తుమిరా. అందరూ నవ్వారు. పైనెమ్ నవ్వలేదు.

బు ప్రప్తి వచ్చి గుడ్డ వెనకవైపు చూసింది. మోకాళ్ళ మీద గీసిన లావు గీతల్ని వేలితో తడిమింది. శుక్రవారానికి అవుతుంది కదా అంది.

తుమిరా కలం మూకుడు అంచున పెట్టింది. "కాదండీ. ఈ లావు గీతలు వేడిచెంచాతో తీసి మళ్ళీ గీయాలండీ. పైగా నేను మధ్యమధ్యలో లేచి నడవాలండీ, డాక్టరమ్మ చెప్పింది. శుక్రవారానికి కాదు."

పాకలో అందరి చేతులూ ఆగాయి. బు ప్రప్తి గీతల మీంచి వేలు తీసింది.

"మరి ఎప్పటికి?"

"ఆ పై బుధవారానికండీ."

"సరే, పెళ్ళివాళ్ళకి అలాగే చెప్తాను," అని ఆవిడ అవతలి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

అంతే. ఆకాశం విరిగి మీద పడలేదు. తుమిరాకి నెత్తి మీంచి పెద్ద మూట దించినట్టైంది. కలం ముంచి, ఉఫ్ఫని ఊది, గీత లాగింది. సన్నగా, తిన్నగా వచ్చింది.

మిగతా ఇద్దరూ భోజనానికి లేచి వెళ్ళారు. పైనెమ్ లేవలేదు. చాలాసేపు గీతలు గీస్తూనే ఉంది. ఆమె ఎప్పుడూ కాలు మడిచి, మడమ ఎడమ పిర్ర కిందకి తోసి, ఎత్తు పెట్టుకుని కూర్చుంటుంది. ఆ పాకలో అందరూ అది పెద్ద పనిమంతురాలు కూర్చునే తీరు అనుకుంటారు. కొత్తగా వచ్చిన పిల్లలు దాన్నే నేర్చుకుంటారు కూడా. తుమిరా కూడా ఇన్నేళ్ళుగా అలాగే అనుకుంది.

"నాకు ఎడంపక్క," అంది పైనెమ్, గుడ్డ మీంచి తలెత్తకుండా.

తుమిరా చేతిలో గీత ఆగిపోయింది.

"ఎన్నాళ్ళ నించి అక్కా?"

"చిన్నాడు పుట్టినప్పటి నించి."

పైనెమ్ చిన్నకొడుక్కి కిందటేడే పెళ్ళయింది. తుమిరా కలం కింద పెట్టి, పొయ్యి మంట తగ్గించి, అక్క చంక కింద చెయ్యి వేసి, మెల్లిగా లేవదీసింది.